మూడంటే తొమ్మిది

అల్లుడు ఎలాంటివాడని ఎవరైనా అడిగితే స్తెఫానియాకు చప్పున జవాబు తోచేది కాదు. తాగి రాడు, గొంతు పెంచడు, పెట్టింది తింటాడు, తిన్న కంచం కడిగి మరీ బోర్లిస్తాడు. ఇంతకన్నా ఏం కావాలే నీకు అని పక్కింటి వాండా కసిరేది. ఏం కావాలో స్తెఫానియాకు తెలుసు గానీ, చెబితే నవ్వుతారని ఊరుకునేది. ఆ పిల్లవాడు నోరు తెరిచి, ఫలానాది నాకు బాగాలేదు అని ఒక్కసారి అంటే వినాలని ఆవిడ కోరిక.

అతని పేరు ఫింటన్. ఐర్లండువాడు. స్తెఫానియా కూతురు కింగా అక్కడ తొమ్మిదేళ్లు ఉద్యోగం చేసి, ఇతన్ని పెళ్లి చేసుకుని, రెండేళ్ల కిందట పోలండులో తన సొంతూరు క్రోస్నోకి తిరిగొచ్చింది. తండ్రి పోయాక ఇంటి పై అంతస్తు ఖాళీగానే ఉంది కనక అక్కడే కాపురం పెట్టారు. కింగా నడుం నొప్పులవాళ్లకీ, కాళ్లు విరిగినవాళ్లకీ కసరత్తులు చేయించే ఉద్యోగంలో చేరింది. ఫింటన్ పిల్లలకు ఇంగ్లీషు చెబుతాడు. పోలిష్ బాగానే నేర్చుకున్నాడు గానీ, ఒక్కో మాటనీ గుమ్మం దగ్గర చెప్పులు విప్పించి లోపలికి తెచ్చినట్టు, ఆచితూచి పలికేవాడు. అత్తగారిని అమ్మా అని పిలవాలని పెళ్లినాడు ఎవరో చెబితే, మర్నాటి నుంచీ తప్పకుండా అలాగే పిలిచాడు.

ఉప్పు అందిస్తే థాంక్స్, తలుపు తీస్తే థాంక్స్, టీ పోస్తే థాంక్స్, ఖాళీ గ్లాసు తీసుకుంటే మళ్లీ థాంక్స్. మొదట్లో స్తెఫానియా ప్రతిదానికీ ఫర్వాలేదు, ఫర్వాలేదు అని బదులు చెప్పి చెప్పి అలిసిపోయింది. సొంతింట్లో ఇన్ని థాంక్సులేమిటే, నేనేమైనా హోటలు నడుపుతున్నానా అని కూతురితో అంది. వాళ్ల దేశంలో అంతేనమ్మా, ఊపిరి తీసుకున్నట్టు అనేస్తారు అని కింగా నవ్వింది.

ఎలా ఉన్నారు అన్న ప్రశ్న సంగతీ అంతే. వచ్చిన మొదటి వారంలో ఫింటన్ బజారుకు వెళ్తూ, ప్రహరీ పక్కన నిలబడ్డ వాండాను ఎలా ఉన్నారండీ అని అడిగాడట. అడిగి, ఆగకుండా నడిచిపోదామనే అతని ఉద్దేశం. అడిగినవాడు వినాలి కదా అని వాండా అతని మోచెయ్యి పట్టుకుని పిత్తాశయంలో రాళ్ల దగ్గర మొదలుపెట్టింది. నలభై నిమిషాలు కదలకుండా నిలబడి విన్నాడు. అంత సంస్కారమున్న కుర్రాణ్ణి ఈ వీధిలో చూడలేదని వాండా ఆనాటి నుంచీ అతని పక్షమే.

స్తెఫానియా ఈ విషయంలో ఆరితేరిన మనిషి. ఓ ఆరోగ్య కేంద్రంలో, రోగుల పేర్లు రాసుకునే కిటికీ వెనక, ముప్పై ఒక్క ఏళ్లు కూర్చుంది. ఆ కిటికీ దగ్గరికి వచ్చి కొద్దిగా నొప్పిగా ఉంది అన్నవాళ్లు తక్కువ. అందరూ ప్రాణం పోతున్నట్టే వచ్చేవాళ్లు, ఎందుకంటే అలా చెబితేనే ఆ రోజు డాక్టరు దొరుకుతాడు. విన్న బాధలో సగం తీసేసి, మిగిలిన సగాన్ని నమ్మడం ఆవిడ అక్కడ నేర్చుకుంది. ఇప్పుడు ఇంట్లోకి వచ్చినవాడు అసలు బాధే చెప్పనివాడు. సున్నాలో సగం ఎంతని తీయాలి?

మొదటి చలికాలంలో పై గదిని వెచ్చబెట్టే వేడిపెట్టె పనిచెయ్యలేదు. కింగా ఎక్కువగా పగటి పూట బయటే ఉండేది, రాత్రి రెండు దుప్పట్లు కప్పుకుని, పై గది ఎప్పుడూ అంత చల్లగానే ఉంటుందేమో అనుకుంది. ఫింటన్ పగలంతా ఆ గదిలో రెండు స్వెట్టర్లు వేసుకుని, టోపీ పెట్టుకుని పాఠాలు తయారు చేసుకునేవాడు. మార్చిలో కిటికీలు తుడవడానికి పైకెక్కిన స్తెఫానియా చెయ్యి వేసి చూస్తే వేడిపెట్టె రాయిలా చల్లగా ఉంది. ఎన్నాళ్లయిందని అడిగితే, ఎక్కువ కాలేదమ్మా, క్రిస్మస్ ముందు నుంచే అన్నాడు. ఎందుకు చెప్పలేదంటే, మిమ్మల్ని ఇబ్బంది పెట్టడం ఎందుకని అన్నాడు. స్తెఫానియా ఆ పూట అతనితో మాట్లాడలేదు. పరాయివాళ్లను కదా ఇబ్బంది పెట్టకూడదనుకుంటాం అని వంటింట్లో కూర్చుని బాధపడింది. సాయంత్రం ఫింటన్ కిందికి వచ్చి, తమ ఊరి సంగతి చెప్పాడు. వాళ్ల నాన్న ట్రాక్టరు మీంచి పడి కాలు విరిగి, పొలంలో వెల్లకిలా పడి ఉండగా, దారిన పోతున్న ఫాదర్ ఎలా ఉన్నావని అడిగితే, పెద్దగా తప్పు పట్టడానికేం లేదు ఫాదర్ అన్నాడట. అది చెప్పి ఫింటన్ నవ్వాడు. స్తెఫానియాకు నవ్వు రాలేదు.

ఇదంతా ఆ అక్టోబరుకు ముందు మాట.

అక్టోబరు రెండో వారంలో కింగా ఏదో శిక్షణ ఉందని వారం రోజులకు గ్దాన్స్క్ వెళ్లింది. దేశానికి ఆ కొస అది. శనివారం నాడు క్యాబేజీ ఊరబెట్టే పని పెట్టుకుంది స్తెఫానియా. పదిహేను కిలోలు. ఫింటన్ తరుగుతానన్నాడు. వంటింటి బల్ల దగ్గర నిలబడి తరుగుతున్నాడు గానీ, ప్రతి గడ్డకీ ఒకసారి ఆగి, బల్ల అంచు పట్టుకుంటున్నాడు. మొహం చూస్తే తరిగిన క్యాబేజీ రంగులోనే ఉంది. ఏమైందని స్తెఫానియా అడిగింది. ఏం లేదమ్మా, బానే ఉన్నాను అన్నాడు. మధ్యాహ్నం సూపు సగం వదిలేశాడు. పెట్టింది ఏనాడూ వదలని మనిషి. మెట్లెక్కేటప్పుడు ఒక చెయ్యి గోడకు ఆనించి, ఇంకో చెయ్యి పొట్ట మీద పెట్టుకుని ఎక్కడం ఆవిడ కింద నుంచి చూసింది. మళ్లీ అడిగింది. మళ్లీ అదే జవాబు. పడుచు వాళ్ల ఒంటి సంగతి వాళ్లకు తెలియదా అని తనకు తానే చెప్పుకుని, ఉప్పు కలపడంలో పడింది. మనసు మాత్రం ఉప్పు మీద లేదు.

ఆదివారం పొద్దున చర్చిలో పూజకు ఇద్దరూ వెళ్లారు. అందరూ మోకరిల్లి లేచినప్పుడు ఫింటన్ లేవలేదు. భక్తి కాబోలనుకున్నారు చుట్టుపక్కలవాళ్లు. స్తెఫానియా మాత్రం అతని మెడ వెనక చెమట చూసింది. చర్చి లోపల నోట్లోంచి ఆవిరి వచ్చేంత చలిగా ఉంది. ఇంటికి వచ్చాక, కాసేపు పడుకుంటానని పైకి వెళ్లాడు. ఆదివారపు కోడి సూపు కాచి, నూడుల్స్ వేసి, రెండుసార్లు పిలిచింది. పలకలేదు.

కూతురూ అల్లుడూ ఉండే గదిలోకి చెప్పకుండా వెళ్లకూడదని ఆవిడ మొదటిరోజే నియమం పెట్టుకుంది. ఆ రోజు తలుపు తట్టకుండానే లోపలికి వెళ్లింది. ఫింటన్ మంచం మీద మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని, గోడ వైపు తిరిగి ఉన్నాడు. నుదుటి మీద చెయ్యి వేస్తే కాలిపోతోంది.

"ఎప్పటి నుంచి?"

"శుక్రవారం నుంచి కొంచెం. రేపటికి తగ్గిపోతుందమ్మా. ఈ రోజు ఆదివారం కదా, డాక్టర్లకి శ్రమ ఎందుకు?"

"ఆదివారం డ్యూటీలో ఉన్న డాక్టరు సెలవులో లేడు బాబూ, జీతం మీద ఉన్నాడు. లే."

అంబులెన్సు అనగానే, అది నిజంగా అవసరమైనవాళ్ల కోసం అని బతిమాలుకున్నాడు. ఆవిడ వాదించలేదు. కిటికీ తెరిచి వాండాను కేకేసింది. వాండాకు పాత కారు ఉంది, దాంట్లో బంగాళాదుంపల బస్తాలు తెచ్చుకుంటుంది. ఆదివారం బట్టల్లోనే పరుగెత్తుకొచ్చి, ఫింటన్‌ను ఒక్కసారి చూసి, ఇది పిత్తాశయం కాదు, దాని సంగతి నాకు తెలుసు, ఇది ఇంకేదో అంది. ఇద్దరు ముసలమ్మలూ చెరో వైపు పట్టుకుని మెట్లు దింపారు. గుమ్మం దగ్గర ఫింటన్ ఆగి, ఇంటి చెప్పులు విప్పి బూట్లు వేసుకోబోయాడు. వంగలేకపోయాడు. స్తెఫానియా కింద కూర్చుని బూట్లు తొడిగింది. అప్పుడు కూడా థాంక్స్ అన్నాడు. నోరు మూసుకో నాయనా అంది ఆవిడ, కోపంగా కాదు.

ఆసుపత్రి అత్యవసర విభాగంలో ఒక యువ డాక్టరమ్మ వచ్చింది. పొట్ట నొక్కబోతూ, ముందు కాగితం మీద రాసుకోవడానికి అడిగింది. ఒకటి నుంచి పది దాకా లెక్క వేసుకుంటే నొప్పి ఎంత ఉందని. ఫింటన్ బల్ల మీద పడుకుని పైకప్పు చూస్తూ చాలాసేపు ఆలోచించాడు. అబద్ధం చెప్పకూడదు, అతి చెయ్యకూడదు అన్నట్టు.

"మూడు అనుకుంటాను," అన్నాడు. "మూడుంపావు."

డాక్టరమ్మ కలం కాగితం మీదికి వెళ్లింది. స్తెఫానియా చెయ్యి చాచి ఆ కలాన్ని పట్టుకున్నంత పని చేసింది.

"డాక్టర్ గారూ, అది రాసుకోకండి. ఇతను ఐర్లండువాడు. వీళ్ల ఊళ్లో మూడంటే మన తొమ్మిది."

డాక్టరమ్మ ఆవిడ వంక చూసి, ఫింటన్ వంక చూసింది. నిజమేనా అని అడిగింది. ఫింటన్ కళ్లు మూసుకున్నాడు. కనుకొలకుల్లోంచి నీళ్లు కారి చెవుల్లోకి పోయాయి.

"ఎనిమిదిన్నర," అన్నాడు.

ఆ తర్వాత అన్నీ చకచకా జరిగిపోయాయి. అపెండిక్స్ అప్పటికే పగిలిపోయింది. సంతకాలు, సూదులు, చక్రాల మంచం. తలుపుల అవతలికి తీసుకెళ్తుంటే ఫింటన్ చెయ్యి స్తెఫానియా చేతిలోంచి జారింది. రెండు గంటలు వాండా పక్కన కూర్చుని జపమాల తిప్పింది, మధ్యమధ్య తన ఆపరేషన్ల వివరాలు చెప్పింది. స్తెఫానియాకు ఒక్క మాటా ఎక్కలేదు గానీ, ఆ గొంతు పక్కన ఉండడం మేలనిపించింది. చీకటి పడకముందే సర్జన్ బయటికి వచ్చి, లోపలంతా శుభ్రం చేశామనీ, గండం గడిచినట్టేననీ చెప్పాడు. తెల్లారేదాకా ఆగి ఉంటే నేను ఇలా మాట్లాడేవాణ్ణి కాదండీ అన్నాడు. స్తెఫానియా ఆయన చెయ్యి రెండు చేతులా పట్టుకుంది. ఆ రోజు ఆవిడ నోటంట థాంక్స్ అన్న మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు.

ఫింటన్ తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. మొదటి రోజు స్తెఫానియా సంచిలో కప్పు, చెంచా, తువ్వాలు, ఇంటి చెప్పులు పెట్టుకొచ్చింది. కప్పు కూడా మనమే తెచ్చుకోవాలా అని అతను ఆశ్చర్యపోయాడు. కింగా సోమవారం మధ్యాహ్నానికి రైల్లో వచ్చిపడింది. మొగుణ్ణి చూసి ముందు ఏడ్చి, తర్వాత తిట్టింది. తిట్టడంలో తల్లి పోలికే.

పక్క మంచం మీద తదేయుష్ అని ఒక పెద్దాయన ఉండేవాడు, హెర్నియా ఆపరేషను. నలభై ఏళ్లు బస్సు నడిపిన మనిషి. పొద్దున్న కళ్లు తెరిచింది మొదలు ప్రభుత్వం దగ్గర నుంచి తలగడ దాకా వరస పెట్టి తిట్టేవాడు, అదీ మహా హుషారుగా. నర్సు వచ్చి రాత్రి ఎలా గడిచిందని అడిగితే ఫింటన్ బాగా గడిచిందండీ అనేవాడు. తదేయుష్ పక్క నుంచి అందుకునేవాడు.

"అబద్ధం సిస్టర్. తెల్లవార్లూ మూలుగుతూనే ఉన్నాడు, ఇంగ్లీషులో. నాకు నిద్ర లేదు." నర్సు వెళ్లాక ఫింటన్‌కు పాఠం చెప్పేవాడు. "అబ్బాయీ, ఎలా ఉన్నావని అడిగితే, ఏముందండీ, పాత కష్టాలే అనాలి. బాగున్నానన్నావనుకో, ఎదుటివాడికి ఇక చెప్పుకోడానికేం మిగుల్తుంది? వాడి బాధ వాడు ఎవడితో చెప్పుకోవాలి?"

ఫింటన్ ఆ మాట గురించి ఆలోచించినట్టున్నాడు. అయిదో రోజున స్తెఫానియా ఫ్లాస్కులో సూపు తెచ్చి, ఎలా ఉన్నావని అడిగింది. ఫింటన్ ఒకసారి తదేయుష్ వంక చూసి, గొంతు సవరించుకున్నాడు. పాత కష్టాలేనమ్మా అన్నాడు. కుట్లు లాగుతున్నాయనీ, ఇక్కడి టీ చప్పగా ఉందనీ, తలగడలో ఇసుక నింపారేమోననీ, ఇల్లు గుర్తొస్తోందనీ చెప్పాడు. అన్నీ చెప్పి, తప్పు చేసినవాడిలా చూశాడు. స్తెఫానియా మంచం అంచున కూర్చుని, ప్రతిదానికీ తలాడిస్తూ విన్నది. మర్నాడు ఇంటి నుంచి ఈకల తలగడ మోసుకొచ్చింది. బస్సులో అందరూ చూస్తున్నా లెక్కచెయ్యలేదు.

ఫింటన్ వాళ్లమ్మ నొరీన్ రోజూ ఫోను చేసేది. నడుం పట్టేసి ప్రయాణం చెయ్యలేని స్థితి ఆవిడది. ఒకరోజు స్తెఫానియాతో మాట్లాడాలంది. కింగా మధ్యలో కూర్చుని అటుదిటూ ఇటుదటూ చెప్పింది. ఆవిడ థాంక్స్ చెబుతూనే ఉంది, స్తెఫానియా ఇందులో ఏముందండీ అంటూనే ఉంది. చివరికి నొరీన్ ఒక సంగతి చెప్పింది. ఏడేళ్లప్పుడు పిల్లవాడు గోడ మీంచి పడి, మణికట్టు విరిగి, ఎవరికీ చెప్పకుండా రెండు రోజులు బడికి వెళ్లాడట. తెలిశాక ఊరంతా ఎంత ఓర్పు అని మెచ్చుకున్నారట. నేనూ మెచ్చుకున్నాను, వాడికి అలా నేర్పింది నేనేనండీ, నేను నేర్పినదాన్ని మీరు వినకుండా నా బిడ్డను నాకు దక్కించారు అంది. కింగా ఆ మాటను పోలిష్‌లోకి తెస్తూ తెస్తూ మధ్యలో ఆగిపోయింది. మిగతాది చెప్పకపోయినా స్తెఫానియాకు అర్థమైంది.

నవంబరు ఒకటి, సకల పునీతుల పండుగ, పోయినవాళ్ల సమాధుల దగ్గర దీపాలు పెట్టే రోజు. ఫింటన్ ఇంటికి వచ్చి పది రోజులైంది, మెల్లగా నడుస్తున్నాడు. ఊరు ఊరంతా శ్మశానానికే వచ్చినట్టుంది. చామంతి కుండీలు, గాజు దీపాలు, మైనం వాసన. ఇంటివాళ్ల సమాధులన్నీ ముందురోజే కడిగి ఉంచారు. భర్త హెన్రిక్ దగ్గర, అత్తమామల దగ్గర, తన తల్లిదండ్రుల దగ్గర దీపాలు పెట్టాక, కింగా పిన్నీ పెద్దమ్మలతో మాటల్లో పడింది. ఫింటన్ అలిసిపోయి బెంచీ మీద కూర్చున్నాడు. అక్కడి నుంచి చూస్తే, స్తెఫానియా సంచిలోంచి ఇంకో దీపం తీసుకుని, ఎవరికీ చెప్పకుండా పక్క వరసల్లోకి వెళ్తోంది. చాలాసేపు రాలేదు. లేచి నెమ్మదిగా వెతుక్కుంటూ వెళ్లాడు.

ప్రహరీ దగ్గర ఒక చిన్న సమాధి ముందు నిలబడి ఉంది ఆవిడ. రాతి మీద యూజెఫ్ మాదెయ్ అని ఉంది. బంధువా అని ఫింటన్ అడిగాడు. కాదంది. తెలిసినవాడా అన్నాడు. ఒక్కసారి చూశాను, రెండు నిమిషాలు అంది. అతను ఇంకేం అడగలేదు. అడగకపోబట్టే చెప్పిందేమో.

ఇరవై రెండేళ్ల కిందట, ఫిబ్రవరిలో, ఒక సోమవారం. కిటికీ ముందు వరస వీధిలోకి సాగింది. డాక్టరు దగ్గర ఆ రోజుకు ఒకే ఒక్క ఖాళీ మిగిలింది. ఈయన వచ్చి టోపీ తీసి, గుండెల్లో కాస్త పట్టేసినట్టుంది, తొందరేం లేదమ్మా, ఖాళీ ఉంటేనే అన్నాడు. వెనకాల ఒకావిడ చెవిపోటని గోల పెడుతోంది. స్తెఫానియా ఆ ఖాళీ చెవిపోటు ఆవిడకు ఇచ్చి, ఈయనకు గురువారం రాసింది. చాలా థాంక్స్ అని టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు. గురువారం పేరు పిలిస్తే రాలేదు. బుధవారం పొద్దున పోయాడని తర్వాత తెలిసింది.

"నన్నెవరూ ఏమీ అనలేదు," అంది స్తెఫానియా. "ఎవరికీ తెలియదు కూడా. కింగా నాన్నకి కూడా చెప్పలేదు. ఫాదర్ దగ్గర చెప్పుకుంటే, నీ తప్పు కాదన్నారు. ఆయన అన్నారు గానీ, నా మనసులోంచి పోలేదు. ఆ రోజు నువ్వు క్యాబేజీ తరుగుతూ ఏం లేదమ్మా అన్నావు చూడూ, నాకు నీ గొంతు వినపడలేదు బాబూ. ఈయన గొంతు వినపడింది. అయినా శనివారమంతా ఊరుకున్నాను. ఆదివారం ఇక ఊరుకోలేకపోయాను."

మీ తప్పేం లేదని అల్లుడు మర్యాదకు అంటాడని ఆవిడ ఎదురుచూసింది. అంటే ఏం చెప్పాలో కూడా సిద్ధం చేసుకుంది. అతను అనలేదు. ఒక చేత్తో కుట్లున్న పక్కను అదిమిపెట్టుకుని, మెల్లగా వంగి, రాతి మీద పడ్డ తడి ఆకుల్ని తీసేశాడు. ఆవిడ చేతిలోని దీపం తీసుకుని వెలిగించాడు. గాలికి రెండు అగ్గిపుల్లలు ఆరిపోయాయి, మూడోది పట్టుకుంది. తర్వాత అక్కడే నిలబడి తన భాషలో ఏదో అన్నాడు, పక్కింటి మనిషితో మాట్లాడినట్టు.

"ఏమన్నావు?"

"థాంక్స్ చెప్పాను," అన్నాడు. "మీరు ఈయన్ని మర్చిపోలేదు. అందుకే నేనున్నాను. ఆ సంగతి ఈయనకి ఎవరో ఒకరు చెప్పాలి కదమ్మా."

రెండేళ్లుగా ఉప్పుకీ, తలుపుకీ, ఖాళీ గ్లాసుకీ విని విని విసిగిన మాట అది. స్తెఫానియా చేతిరుమాలు కోసం కోటు జేబులన్నీ వెతికింది. దొరకలేదు. ఫింటన్ తనది ఇచ్చాడు. ఇరవై రెండేళ్లు ఆ రాతి ముందు నిలబడి ఆవిడ అడుగుతూ వచ్చింది క్షమాపణే. ఈ రాతికి కృతజ్ఞతలు కూడా చెప్పుకోవచ్చని ఆవిడకు ఎప్పుడూ తోచలేదు. ఇప్పుడు అల్లుడి పక్కన నిలబడి, పెదాలు కదిలీ కదలకుండా తనూ చెప్పుకుంది. ఆ మనిషికి, ఆ డాక్టరమ్మకి, వాండాకీ ఆవిడ కారుకీ, పక్కన ఊపిరి తీస్తున్న ఈ పరాయి దేశపు పిల్లవాడికి.

దూరం నుంచి కింగా చేతులూపుతూ వస్తోంది. ఇంతసేపూ ఎక్కడికి పోయారు, ఇతను అసలు ఇంతసేపు నిలబడొచ్చా, ఈ సమాధి ఎవరిది అని ఒక్క ఊపిరిలో అడిగింది. ఫింటన్ అత్తగారి వంక చూశాడు. స్తెఫానియా కూతురి చెయ్యి పట్టుకుని, ఈయన పేరు యూజెఫ్ మాదెయ్ అని మొదలుపెట్టి, గొంతు తగ్గించకుండా, దీపాల మధ్య నడుస్తూ గేటు దాకా అంతా చెప్పింది.